ఎవరి చెవికి ఈ వార్తలు?

తెలుగు టెలివిజన్ వార్తల స్టూడియో తన శ్రోతను మరిచిపోయింది. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని ఈ మాట అంటే పాతకాలం మనుషుల గొణుగుడు కింద కొట్టిపారేస్తారు. తమిళనాడు దక్షిణాన కోవిల్‌పట్టిలోనో విరుదునగర్‌లోనో ఒక తెలుగింట కూర్చుని టీవీ పెట్టి చూడండి. అదే మాట అక్కడ నేరారోపణ అవుతుంది. ఆ ఇంట తెలుగు మాట్లాడతారు. తెలుగు పత్రిక రాదు. వచ్చినా చదవగలిగినవారు లేరు. లిపి పోయి మాట మిగిలిన ఇల్లు అది. అలాంటి ఇంటికి తెలుగులో లోకం సంగతి తెలియాలంటే టీవీలో వార్తలు చదివే మనిషి గొంతు తప్ప మరో దారి లేదు. ఆ గొంతును మన చానెళ్లు ఏమి చేశాయి? జవాబు ముందే చెబుతున్నాం: పాడు చేశాయి. ఎలా పాడు చేశాయో, ఎవరు బాగుచేయాలో కింద చెబుతాం.

ముందు ఆ మనుషులెవరో తెలియాలి. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగును మాతృభాషగా నమోదు చేయించుకున్నవారు 42 లక్షల పైచిలుకు, అంటే రాష్ట్ర జనాభాలో 5.87 శాతం. విరుదునగర్ జిల్లాలో దాదాపు పదిమందిలో ఒకరు తెలుగువారు. కోవిల్‌పట్టి తూత్తుకుడి జిల్లాలో ఉన్నా, నేల మాత్రం విరుదునగర్, సాత్తూరుల నల్లరేగడే. తమిళంలో దాన్ని కరిసల్ సీమ అంటారు. విజయనగర, మదుర నాయకరాజుల కాలంలో అక్కడికి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. కమ్మవార్లు, రెడ్డియార్లు, బలిజలు, రాజకంబళం నాయకర్లు, రాజపాళయం రాజులు అందులో ఉన్నారు. తెలుగు అనగానే భూములున్న కులాల ఊసే ఎత్తే అలవాటు మనకుంది గనుక మరో మాట కూడా చెప్పాలి. తమిళనాడులో అరుంధతీయుల ఇళ్లలోనూ తెలుగు బతికి ఉంది. వీధులు ఊడ్చేవారు, చెప్పులు కుట్టేవారు, కూలికి పోయేవారు ఆ భాషను ఏ సంఘం అండా, ఏ మహాసభ వేదికా లేకుండా కాపాడుకొచ్చారు.

తెలుగు చరిత్రలో ఆ సీమకు చిన్న చోటేమీ కాదు దక్కవలసింది. కోవిల్‌పట్టికి పక్కనే ఉన్న ఎట్టయాపురం సంస్థానంలో ముత్తుస్వామి దీక్షితులు 1835లో కన్నుమూశారు. అదే ఎట్టయాపురం నుంచి 1904లో సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో అచ్చయి వెలువడింది. కర్ణాటక సంగీతానికి నేటికీ ప్రమాణంగా నిలిచే గ్రంథం అది. 1949 నుంచి 1952 దాకా ఉమ్మడి మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన పి.ఎస్.కుమారస్వామిరాజాది రాజపాళయం. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామంలో పుట్టిన కి.రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. రాసింది తమిళంలో. తెలుగు వలస కుటుంబాల కథను ‘గోపల్ల గ్రామం’ నవలగా 1976లో ఆయనే తమిళ పాఠకులకు చెప్పారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. కరిసల్ సీమ జానపదుల పలుకుబడికి నిఘంటువు కూర్చిందీ ఆయనే. పండితులు మోటు అన్న యాసను ఆయన సాహిత్యంలో కూర్చోబెడితే తమిళం నెత్తిన పెట్టుకుంది. 2021 మేలో ఆయన పోయినప్పుడు తమిళనాడు ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపింది. ఆ సీమ తెలుగు యాసకు తెలుగు స్టూడియోలో అలాంటి పీట దొరుకుతుందా? ఈ ప్రశ్నకు మళ్లీ వస్తాం.

లిపి ఎలా పోయిందన్నది పెద్ద కథ. 1904లో తెలుగు అచ్చుకూటం నడిచిన చోట ఇవాళ తెలుగింటి పెళ్లి శుభలేఖ తమిళంలోనే అచ్చవుతుంది. భాషల వారీగా రాష్ట్రాల విభజన జరిగాక తెలుగు బడులు పలచబడ్డాయి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మినహాయింపు కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర భాష నేర్చుకోవలసిందే, అందులో తగవు లేదు. అయితే దాని ఫలితం మాత్రం కళ్లముందుంది. నాయనమ్మతో తెలుగులో గలగలా మాట్లాడే పిల్లవాడు ‘అ’ అక్షరాన్ని చూపిస్తే తెల్లబోతాడు. తెలుగు పాట రాసుకోవాలంటే తమిళ లిపిలో రాసుకుంటాడు. ప, బ లకు ఒకే అక్షరం ఉన్న లిపిలో.

ఇలాంటి శ్రోత ముందు తెలుగు వార్తా చానెల్ పెడితే ఏమవుతుందో చూడండి. ఒక్క నిమిషం చాలు. తెర అడుగున ఎర్రపట్టీ. దాని కింద పసుపుపట్టీ. దాని కింద పరుగులు తీసే అక్షరాలు. కుడివైపు బంగారం ధర, ఎడమవైపు చానెల్ గుర్తు గిరగిరా తిరుగుతూ. మధ్యలో నాలుగో ఆరో కిటికీలు. ఒకదాంట్లో యాంకర్, ఒకదాంట్లో ఫోన్లో విలేకరి బొమ్మ, ఒకదాంట్లో పది సెకన్ల దృశ్యం, అదే పదిసార్లు తిరిగి తిరిగి. వీటన్నిటి వెనక యుద్ధభేరి లాంటి సంగీతం. యాంకర్ నోటి నుంచి ‘బిగ్ బ్రేకింగ్’, ‘షాకింగ్ ట్విస్ట్’, ‘ఎక్స్‌క్లూజివ్’ అన్న మూడు మాటలు వచ్చాక, అసలు ఏం జరిగిందో చెప్పే వాక్యం వస్తుందనుకుంటే రాదు. ‘అసలు ఏం జరిగింది, ఎలా జరిగింది, ఎందుకు జరిగింది’ అని యాంకరే మనల్ని అడుగుతాడు. తర్వాత ప్రకటనలు. విషయం మాత్రం కింద పట్టీలో ఉంటుంది, అక్షరాల్లో. చదవగలిగినవాడు చదువుకుంటాడు. లిపి రానివాడికి దక్కేది భేరీనాదం.

మన చానెళ్ల స్టూడియో వ్యవహారంలో అసలు దోషం ఇదే. వార్తను పట్టీలోకి దింపి, గొంతును అలంకారంగా మార్చారు. కంటికి వెయ్యి వస్తువులు పేర్చి చెవికి ఏమీ ఇవ్వడం లేదు. కోవిల్‌పట్టి తెలుగువాడు మాత్రమే కాదు నష్టపోతున్నది. చత్వారం వచ్చిన తాత, చదువురాని రైతుకూలీ, చూపులేని మనిషి, వంటింట్లో పని చేసుకుంటూ వార్త వినాలనుకునే ఇల్లాలు, అందరిదీ అదే గతి. కోవిల్‌పట్టి శ్రోతలో ఆ నష్టం ఇంకాస్త స్పష్టంగా కనబడుతుంది, అంతే.

ఇది తెలుగు వార్తకు పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. ఢిల్లీ ఆకాశవాణి నుంచి కందుకూరి సూర్యనారాయణ, అద్దంకి మన్నార్, మామిళ్లపల్లి రాజ్యలక్ష్మి వంటివారు తెలుగు వార్తలు చదివినప్పుడు పల్లెల్లో పంచాయతీ రేడియో చుట్టూ జనం మూగేవారు. తమ ఎదుట ఉన్నది మైకు కాదని, అక్షరం రాని మనిషి చెవి అని వాళ్లకు తెలుసు. పేరు పలికేముందు సరిచూసుకునేవారు. అంకె చెప్పాక ఒక క్షణం ఆగేవారు. టెలివిజన్‌లో ఆ వారసత్వాన్ని అందుకున్నవారు శాంతిస్వరూప్. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైనా, తెలుగులో వార్తలు చదవడానికి ఆరేళ్లు పట్టింది. 1983 నవంబరు 14న ఆయన తొలి బులెటిన్ చదివారు. టెలిప్రాంప్టర్ లేదు. చేతిలో కాగితాలు, కళ్లు కెమెరా వైపు, వాక్యం గుర్తుపెట్టుకుని తలెత్తి చెప్పాలి. ఏళ్ల తరబడి అలాగే చదివారు. 2024 ఏప్రిల్ 5న ఆయన మరణించినప్పుడు ఆయన్ని గుర్తుచేసుకున్న చానెళ్లలో ఎన్ని ఆయన చదివిన వేగంలో సగానికైనా తమ వేగం తగ్గించుకున్నాయి? నివాళికి పూలదండ చాలనుకున్నారు.

అప్పటి బులెటిన్లలో సర్కారు బాకా ఉండేదన్నది నిజం. మంత్రిగారి రిబ్బను కత్తిరింపు లేని రోజు ఉండేది కాదు. ఆ విసుగు నుంచే ప్రైవేటు వార్త పుట్టింది. 1995లో ఈటీవీ, 2003 డిసెంబరులో ఈటీవీ2, 2004లో టీవీ9 వచ్చాయి. ఆ తొలి ఏళ్లలో జరిగిన మేలును కాదనడం అన్యాయం. కెమెరా ఊళ్లలోకి వెళ్లింది. తహసీల్దారు కార్యాలయంలో లంచం అడిగినవాడు తెర మీదికి వచ్చాడు. మండలానికో విలేకరి తయారయ్యాడు. జిల్లా యాసలు తొలిసారి తెర మీద వినపడ్డాయి. తర్వాత చానెళ్లు పెరిగాయి, పార్టీకో చానెల్ వచ్చింది, విలేకరికి పెట్టే ఖర్చు కంటే స్టూడియోలో నలుగురిని కూర్చోబెట్టి తన్నుకోమనడం చవకని యాజమాన్యాలు కనిపెట్టాయి. వార్తలు చదివేవారు పోయి తీర్పులు చెప్పేవారు వచ్చారు.

ఆ దిగజారుడుకు అడుగు ఎక్కడుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. దుబాయ్‌లో శ్రీదేవి చనిపోయినప్పుడు ఒక తెలుగు చానెల్ విలేకరి స్నానాల తొట్టిలో పడుకుని ఆమె ఎలా పోయిందో నటించి చూపించాడు. మరో చానెల్ ఆమె బొమ్మను గ్రాఫిక్‌లో తొట్టిలో పడుకోబెట్టింది. దేశమంతా ఛీ కొట్టింది. విచిత్రమేమంటే శ్రీదేవి పుట్టింది ఈ విరుదునగర్ జిల్లాలోనే, శివకాశి దగ్గరి మీనంపట్టిలో. ఆమె ఊరేదో, ఆ సీమలో తెలుగు, తమిళం ఎలా కలిసి బతుకుతాయో చెప్పడానికి అంతకంటే సందర్భం దొరకదు. మన స్టూడియోలకు తొట్టి దొరికింది.

అసలు ఆ జిల్లా మన తెర మీదికి ఎప్పుడొస్తుంది? బాణసంచా పేలినప్పుడు. 2012 సెప్టెంబరు 5న శివకాశి దగ్గరి ముదలిపట్టిలో దాదాపు నలభైమంది కాలిపోయారు. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గరి అచ్చంకుళంలో మరో ఇరవైమంది వరకు. అలాంటి రోజున మంటల గ్రాఫిక్ ముందు యాంకర్ నిలబడతాడు. ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చదువుతాడు గనుక సాత్తూరు ‘సట్టూర్’ అయిపోతుంది, విరుదునగర్‌లో లేని ఒత్తు వచ్చి పడుతుంది, తూత్తుకుడి ఇంకా ‘ట్యుటికోరిన్’గానే ఉంటుంది. చనిపోయినవారిలో తెలుగు మాట్లాడే కూలీలు ఉండవచ్చన్న ఊహ కూడా స్టూడియోకు రాదు. మరునాటికి ఆ ఊరు తెర మీంచి మాయం. లైసెన్సు ఎవరిది, ఒకరి పేరున తీసుకుని మరొకరికి లోపాయికారీగా కౌలుకిచ్చే పద్ధతి ఏమిటి, తనిఖీ చేయవలసిన అధికారి ఎక్కడున్నాడు, వీటి గురించి తమిళ చానెళ్లు వారాల తరబడి అడుగుతాయి. తెలుగులో ఆ ప్రశ్న వినపడదు.

లేదంటే సినిమావాళ్లు కావాలి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో రాధిక విరుదునగర్ నుంచి పోటీ చేశారు. దివంగత విజయకాంత్ కొడుకు అదే స్థానంలో నాలుగు వేల చిల్లర ఓట్ల తేడాతో ఓడిపోయారు. అందువల్ల ఆ పేరు నాలుగు రోజులు వినిపించింది. ఆ ఏడాది నవంబరులో చెన్నై సభలో ఒక సినీనటి తమిళనాడు తెలుగువారి పూర్వికులు అంతఃపురాల్లో సేవకు వచ్చినవారన్న అర్థంలో మాట్లాడారు. కేసు పెట్టారు, హైదరాబాదులో అరెస్టు చేశారు. రెండు వారాలు తెలుగు స్టూడియోలు భగ్గుమన్నాయి. ఆ చర్చల్లో ‘తమిళనాడు తెలుగువాళ్లు’ అన్న మాట వందలసార్లు దొర్లింది. అగ్గిపెట్టెల కార్ఖానాలో పనిచేసే కోవిల్‌పట్టి తెలుగు మనిషి, ‘నాకు జరిగిన అవమానం సరే, నా కూలి సంగతి, నా పిల్లవాడి బడి సంగతి ఏమిటి’ అని అడగడానికి మాత్రం ఆ ఆరు కిటికీల్లో ఒక్కటీ దక్కలేదు. అవమానం ముడిసరుకు, మనిషి అక్కరలేదు.

ఆ మనిషిని ఒకవేళ పిలిచినా ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఆయన తెలుగు మూడు నాలుగు వందల ఏళ్ల కిందట విడిపోయిన పాయ. మన దగ్గర వాడుక తప్పిన మాటలు అందులో ఉంటాయి, తమిళ పలుకు ఉంటుంది, వాక్యం చివర లేపే తీరు వేరు. స్టూడియోలో ముసిముసి నవ్వులు మొదలవుతాయి. శ్రీకాకుళం యాసనూ పాలమూరు యాసనూ హాస్యానికి వాడుకున్న పరిశ్రమ మనది. తెలంగాణ యాసకు తెర మీద గౌరవం రావడానికి ఒక ఉద్యమమే కావలసి వచ్చింది. కరిసల్ సీమ తెలుగుకు ఉద్యమం చేసేవారెవరున్నారు?

ఇప్పుడు ఐర్లండు సంగతి. సముద్రాల అవతలి దేశం మనకెందుకంటే, ఒక చిన్న భాషకు పెద్ద భాష పక్కన టెలివిజన్ వార్త ఎలా చదవాలో ఆ దేశం చేసి చూపించింది. అక్కడ టెలివిజన్ 1961 డిసెంబరు 31 రాత్రి మొదలైంది. ఇంగ్లీషే పెత్తనం. ఐరిష్ భాష బడిలో అందరూ చదువుతారు, ఇంట్లో మాట్లాడేవారు కొద్దిమంది. 2022 జనగణనలో బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడతామన్నవారు దాదాపు 72 వేలమంది. అంకె సరిగానే చదివారు, వేలే. వాళ్ల కోసం 1996 అక్టోబరు 31న ప్రత్యేక చానెల్ పెట్టారు. ఇప్పుడు దాని పేరు టీజీ4. దాని కేంద్రం రాజధాని డబ్లిన్‌లో లేదు. పశ్చిమ తీరాన ఐరిష్ మాట్లాడే కొనమారా ప్రాంతంలో, బల్లె న హౌన్ అనే పల్లెలో ఉంది. ఐరిష్ వార్తల బులెటిన్ ‘నూఅక్త్’ అక్కడి నుంచే వస్తుంది. భాష ఎక్కడ బతికి ఉందో స్టూడియోను అక్కడికి మోసుకెళ్లారు. ఆ భాషలో మూడు ప్రధాన మాండలికాలున్నాయి. చదివేవారు ఎవరి మాండలికంలో వారు చదువుతారు, ఎవరూ నవ్వరు.

ఆ దేశపు ఇంగ్లీషు వార్తలోనూ గమనించదగ్గ సంగతి ఒకటుంది. అక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్టీఈ ప్రధాన సాయంత్రపు బులెటిన్ పేరు ‘సిక్స్ వన్’. సరిగ్గా ఆరు గంటలకు ప్రార్థన గంట ఒక నిమిషం మోగుతుంది, ఆరూ ఒకటికి వార్త. ఆ గంట ఒక మతానికి చెందింది, ప్రభుత్వ చానెల్లో ఎందుకన్న తగవు అక్కడా ఉంది. మతం సంగతి పక్కన పెడితే, దేశపు ప్రధాన వార్తకు ముందు ఒక నిమిషం నెమ్మది ఉండటం వల్ల కొంపలేమీ మునగలేదు. ఏళ్ల తరబడి బ్రయన్ డాబ్సన్, షరాన్ నీ వోలాన్ అదే బల్ల దగ్గర కూర్చుని అదే స్వరంతో చదివారు. 2018 జనవరిలో తొలిసారి ఇద్దరు స్త్రీలు, కట్రియోనా పెర్రీ, కీలిన్ షాన్లీ ఆ బల్ల దగ్గరికి వచ్చారు. ఆర్టీఈ పుణ్యక్షేత్రమేమీ కాదు. ఒక పేరున్న వ్యాఖ్యాతకు చాటుగా చెల్లించిన సొమ్ము 2023లో బయటపడి ఆ సంస్థ పార్లమెంటు కమిటీల ముందు తలదించుకుంది. ప్రజల సొమ్ముతో నడిచేది గనుక ప్రజలు అడగగలిగారు. మన చానెల్ యజమానిని ఎవరు అడుగుతారు?

72 వేలమందికి ఒక చానెల్. 42 లక్షలమందికి పది నిమిషాల బులెటిన్ కూడా లేదు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, దూరదర్శన్‌ను నడిపే ప్రసారభారతి అధికారులు జవాబు చెప్పాలి. దేశంలోని వివిధ ప్రాంతాల సంస్కృతులకూ భాషలకూ తగిన చోటివ్వడం ఆ సంస్థ విధి అని 1990 నాటి ప్రసారభారతి చట్టం పన్నెండో సెక్షన్లోనే రాసి ఉంది. అల్పసంఖ్యాక భాషలో బులెటిన్ అసాధ్యమని అనలేరు, ఎందుకంటే హైదరాబాదు దూరదర్శన్ ఉర్దూలో వార్తలు ఇస్తూనే ఉంది. హైదరాబాదులో ఉర్దూకు చేసిన న్యాయం చెన్నైలో తెలుగుకు ఎందుకు చేయరు? చెన్నై కేంద్రం 1975లోనే, మన హైదరాబాదు కేంద్రం కంటే ముందే మొదలైంది. 2024 జనవరిలో దాన్ని డీడీ తమిళ్ పేరుతో కొత్తగా ముస్తాబు చేశారు. స్టూడియో ఉంది, కెమెరాలు ఉన్నాయి, జిల్లాల నుంచి వార్తలు వస్తున్నాయి. కావలసిందల్లా తెలుగులో రాసే ఇద్దరు, చదివే ఇద్దరు.

డబ్బు లేదంటారేమో. 2024 మేలో దూరదర్శన్ రైతుల చానెల్ డీడీ కిసాన్‌లో క్రిష్, భూమి పేర్లతో ఇద్దరు కృత్రిమ మేధ యాంకర్లను దింపారు. యాభై భాషల్లో మాట్లాడతారని చాటుకున్నారు. అంతకు ముందే 2023 జులైలో ఒక తెలుగు చానెల్ ‘మాయ’ అనే మరబొమ్మ యాంకర్‌ను తెర మీదికి తెచ్చింది. రెప్పవేయడం, చేయి తిప్పడం నేర్పారు. సాత్తూరు పేరు సరిగ్గా పలకడం దానికి ఎవరు నేర్పుతారు, పలకడం రాని మనిషే దానికి గురువైనప్పుడు? తన ఊరి యాసలో వార్త చదివే ఒక ఆడపిల్లను కోవిల్‌పట్టి నుంచి తీసుకుని శిక్షణ ఇవ్వడానికి ఈ మరబొమ్మలకు పెట్టిన ఖర్చులో ఏపాటి కావాలి?

మరో అభ్యంతరం రాజకీయమైంది. తెలుగు బులెటిన్ అడిగితే తమిళనాడులో భాషా చిచ్చు రేగుతుందని కొందరు భయపెడతారు, కొందరు నిజంగానే భయపడతారు. ఇక్కడ మాట శుభ్రంగా ఉండాలి. మేము అడుగుతున్నది తమిళనాడు వార్తలు, తెలుగులో. కోవిల్‌పట్టి మార్కెట్ యార్డు ధర, విరుదునగర్ కలెక్టర్ ఉత్తర్వు, సాత్తూరు రోడ్డు, అగ్గిపెట్టెల పరిశ్రమకు ముడిసరుకు కష్టాలు, భౌగోళిక గుర్తింపు వచ్చిన కోవిల్‌పట్టి వేరుశనగ పప్పుచెక్క ఎగుమతి. అమరావతిలో ఎవరు ఎవరిని తిట్టారన్నది వాళ్లకు అక్కరలేదు. వాళ్లు తమిళనాడు పౌరులు, ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని నిలదీయవలసినవారు. తెలుగు బులెటిన్ వాళ్లను ఆ రాష్ట్రానికి మరింత దగ్గర చేస్తుంది. తెలుగు పేరుతో అక్కడికి వెళ్లి కులసభలు పెట్టి ఓట్లు అడిగేవారికి ఈ సంపాదకీయం మద్దతు కాదు. ఆ తరహా పెద్దమనుషులు వచ్చినప్పుడల్లా అక్కడి తెలుగువాడికి తలనొప్పి మిగిలింది తప్ప బడి రాలేదు.

ప్రైవేటు చానెళ్లకు మార్కెట్ సాకు ఉంది. విరుదునగర్‌లో ప్రకటనదారు లేడంటారు. సరే, అక్కడ కార్యాలయం పెట్టమని ఎవరూ అడగడం లేదు. ఖర్చు లేని పనులు కొన్ని ఉన్నాయి, అవైనా చేస్తారా? వార్తలో ఉన్న విషయాన్ని మొదటి వాక్యంలో నోటితో చెప్పండి, పట్టీకి వదలకండి. మనిషి మాట్లాడుతున్నప్పుడు వెనక సంగీతం ఆపండి. పొరుగు రాష్ట్రపు ఊరి పేరును ఇంగ్లీషులో చూసి చదవకుండా ఆ ఊరి మనిషికి ఫోన్ చేసి అడగండి. ఒక్కో కిటికీ మూయండి. అతిథి మాట పూర్తి కానివ్వండి. ఇవి నేర్పడానికి విదేశీ సలహాదారు అక్కరలేదు. మీ చానెల్లోనే పాతకాలపు దూరదర్శన్ ఉద్యోగి ఎవరైనా ఉంటే అరపూటలో నేర్పుతారు.

యాంకర్ల గురించి ఒక మాట. 2022 సెప్టెంబరులో విద్వేష ప్రసంగాల కేసు విచారిస్తూ సుప్రీంకోర్టు చర్చా కార్యక్రమాల్లో యాంకర్ పాత్రే కీలకమని గుర్తుచేసింది. 2023 జనవరిలో తప్పు చేసిన యాంకర్లను తెర మీంచి తప్పించాలని కూడా ధర్మాసనం అంది. తెలుగు చానెళ్లలో ఆ మాటను పట్టించుకున్న దాఖలా లేదు. స్వయంనియంత్రణ సంఘాలు వేసే జరిమానా ఒక పూట ప్రకటనల ఆదాయానికి సరిపోదు. తక్కువ జీతానికి పదిగంటలు నిలబడి అరిచే కుర్రకారు యాంకర్లను మేము దోషులుగా నిలబెట్టడం లేదు. చెవిలో పెట్టిన ఇయర్‌ఫోన్‌లో ‘గొంతు పెంచు, ఇంకా పెంచు’ అని ఆదేశించేవాడు వేరే గదిలో ఉంటాడు. అతనికి జీతమిచ్చేవాడు వేరే అంతస్తులో ఉంటాడు. దోషం ఆ అంతస్తుది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకూ ఇందులో వాటా ఉంది. ప్రపంచ తెలుగు మహాసభలకు కోట్లు ఖర్చుపెట్టి, సరిహద్దు దాటిన తెలుగువారికి శాలువా కప్పి పంపే ఆనవాయితీకి ఇక స్వస్తి చెప్పండి. ఇద్దరు ముఖ్యమంత్రులూ కలిసి కేంద్ర సమాచార ప్రసార శాఖకు ఒక్క లేఖ రాస్తే చాలు. వార్తలు చదివేవారికి శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం ఉంది, దానికి పని చెప్పండి. కోవిల్‌పట్టి, విరుదునగర్, సాత్తూరు, రాజపాళయంల నుంచి యువతను పిలిచి, వాళ్ల యాసను దిద్దకుండా, వార్త రాసే పద్ధతి మాత్రం నేర్పి పంపండి.

హైదరాబాదు దూరదర్శన్‌కు 2027 అక్టోబరు 23న యాభై ఏళ్లు నిండుతాయి. ఉత్సవాలు జరుగుతాయి, పాత వార్తల ముక్కలు వేస్తారు, జ్ఞాపికలు పంచుతారు. ప్రసారభారతి ఆ తేదీలోగా చెన్నై కేంద్రం నుంచి రోజూ సాయంత్రం పది నిమిషాల తెలుగు బులెటిన్ ప్రారంభించాలి, దాన్ని చదివే గొంతుల్లో కనీసం ఒకటి కరిసల్ సీమది కావాలి.